జిల్లేడు పిన్ని

పోయే ముందు రోజు మధ్యాహ్నం మా పిన్ని నన్ను మంచం దగ్గరికి రమ్మని సైగ చేసింది. అప్పటికి మాటలు బాగా తగ్గిపోయాయి. మంచినీళ్ళు అడగడానికి కూడా కళ్ళతోనే అడిగేది. అలాంటిది, నేను వంగగానే స్పష్టంగా, ఏదో కొట్టుకి పంపిస్తున్నంత మామూలుగా, "పాపా, మా అక్కకి కబురు చెప్పాలి. ఫోన్లలో కుదరదు. నువ్వే వెళ్ళి చెప్పు" అంది. పక్కనే ఉన్న నాగలక్ష్మి, అంటే పిన్ని కూతురు, నాకు చెల్లెలు, నా వంక చూసింది. వాళ్ళమ్మకి అక్కలు లేరు, పుట్టింట్లో అందరికంటే పెద్దది ఆవిడే. మందుల మత్తులో ఏదో అంటోందని నాగలక్ష్మి అనుకుంది. నేను అనుకోలేదు. గుడివాడ ఆసుపత్రిలో ఆ ఫ్యాను గాలికింద, చైత్రమాసపు ఉక్కలో, స్టూలు మంచం దగ్గరికి లాక్కుని కూచున్నాను. ఎందుకంటే ఆ అక్కని నేనెరుగుదును. మా పెరట్లో గునపంతో పెళ్ళగించి, ఈడ్చుకెళ్ళి కాలవగట్టు మీద పారేస్తుంటే కళ్ళారా చూశాను. ఎక్కడికెళ్ళి చెప్పమంటావు పిన్నీ అని అడిగాను. "మోపిదేవి దాటాక మా ఊరి రేవు లేదూ, అక్కడ కరకట్ట వాలులో ఉంది. చూస్తే గుర్తుపడతావు" అని కళ్ళు మూసుకుంది. ఆ తర్వాత నాతో ఇంకేం మాట్లాడలేదు.

మా ఇల్లు పెడనలో ఉండేది. ముందు రెండు గదులు, వాటి వెనక వంటిల్లు, ఆ పక్కన అద్దకం పాక, దాని వెనక పెరడు. మా నాన్న గుడ్డల మీద అచ్చులు అద్దేవాడు. ఆ ఇంట్లో పెరిగినవాళ్ళకి వాసనలతోనే పొద్దు తెలిసేది. పొద్దున్న కరక్కాయ పొడీ గేదెపాలూ కలిపిన నీళ్ళలో ముంచి ఆరేసిన గుడ్డ, ఎండెక్కేకొద్దీ పులిసిన పాల వాసన కొట్టేది. మిట్టమధ్యాహ్నానికి, బెల్లం నీళ్ళలో తుప్పు ఇనుము ఊరబెట్టిన నల్లరంగు కుండ మూత తీసేవాళ్ళు. ఆ వాసన గొంతులో దిగి కూచునేది. మా ఇంటికొచ్చిన చుట్టాలు ముక్కు మూసుకునేవాళ్ళు, మాకు మాత్రం ఆ వాసన లేనిచోట అన్నం సహించేది కాదు. పాకలోంచి రోజంతా అచ్చు మీద మా నాన్న పిడికిలి గుద్దే చప్పుడు వినిపిస్తూ ఉండేది. ఆయన మాటల మనిషి కాదు. ఆ చప్పుడే ఆయన మాట. అది ఆగిందంటే భోజనానికి వస్తున్నాడని అర్థం, నాయనమ్మ పీట వాల్చేది.

మా నాన్నకి మొదటి భార్య పిల్లలు పుట్టకుండానే పోయింది. రెండో భార్య మా అమ్మ. మా అమ్మ గురించి నాకు గుర్తున్నది ఆవిడ వేలికి అంటిన పసుపు ఒక్కటే, అది కూడా నాయనమ్మ చెప్పగా విని గుర్తున్నట్టు అనుకుంటున్నానేమో తెలియదు. నాకు ఊహ వచ్చేసరికి ఇంట్లో ఆడదిక్కంటే నాయనమ్మే. ఆవిడ ముక్కుపొడుం పీల్చేది. ఇంట్లో ఏ ముఖ్యమైన మాటైనా చెప్పేముందు ఒక పట్టు పట్టి, రెండు తుమ్ములు తుమ్మి, కొంగుతో ముక్కు తుడుచుకుని అప్పుడు చెప్పేది. కాబట్టి తుమ్ము వినబడగానే మాకు గుండె గుబేలుమనేది. అలా తుమ్మి ఒక రోజు, నాన్నకి మళ్ళీ పెళ్ళి చేస్తున్నానని చెప్పింది.

మూడో పెళ్ళి అచ్చిరాదని మావాళ్ళ నమ్మకం. మూడోసారి కట్టిన తాళి నిలవదంటారు. అందుకని ఆ మూడో తాళి ముందు ఒక జిల్లేడు మొక్కకి కడతారు. మనిషి నాలుగోది అవుతుంది. మూడోదానికి రాసిపెట్టి ఉన్న చావు ఆ మొక్క తీసుకుంటుంది. ఊరి బయట ఎక్కడో పెరిగిన మొక్క దగ్గరికి పెళ్ళికొడుకుని తీసుకెళ్ళి, మంత్రాలు చదివి, తాళి కట్టించి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికొచ్చేస్తారు. తర్వాత ఆ మొక్క ఎండిందో, మేకలు తొక్కాయో ఎవరూ వెళ్ళి చూడరు. ఆ చూడకపోవడంలోనే ఉంది కిటుకంతా. మా వాళ్ళు అక్కడే పొరపాటు చేశారు. మళ్ళీ బాసికం కట్టుకుని నలుగురూ చూస్తుండగా వీధిలో నడవనని మా నాన్న భీష్మించుకున్నాడు. ఆయనకి సిగ్గు. జన్మలో ఎదురు మాట్లాడనివాడు ఆ ఒక్కదానికీ అడ్డం తిరిగాడు. నాయనమ్మ ఏం తక్కువ తిన్నదా, మొక్కనే ఇంటికి రప్పించింది. కాలవగట్టు మీది జిల్లేడుని వేరుతో తవ్వించి మా పెరట్లో, వంటింటి కిటికీకి ఎదురుగా పాతించింది. పంతులుగారు ఇంట్లోనా అని నొసలు చిట్లించారుగానీ, పీకి పాతిన జిల్లేడు ఎలాగూ బతకదులెమ్మని సర్దుకున్నారు. మొక్క తరఫున కన్యాదానం చెయ్యడానికి ఒక తండ్రి కావాలి గదా, ఎదురింటి వీరయ్య తాత పీటల మీద కూచున్నాడు. చచ్చేదాకా ఆయన మా నాన్నని "అల్లుడుగారూ" అనే పిలిచాడు. తాళి కట్టేశాక మా నాన్న వెనక్కి చూడకుండా నడవాలి. వెనక గుమ్మం పది అడుగుల్లో ఉంది. లోపలికి వెళ్ళి కూచుంటే కిటికీలోంచి అదే కనబడుతోంది.

అసలు పెళ్ళి ఆ తర్వాత జరిగింది. నాంచారమ్మ పిన్ని దివిసీమ పిల్ల. వాళ్ళదీ నేత కుటుంబమే. చామనచాయగా, పొడుగాటి చేతులతో, నడుస్తుంటే ఎక్కడికో పనిమీద పోతున్నట్టుండేది. వచ్చిన రోజునే నాయనమ్మ ఆమెని పెరట్లోకి తీసుకెళ్ళి, ఇదిగో ఇది నీ అక్క, ఏదైనా ముందు దీనికి పెట్టి తర్వాత నువ్వు పుచ్చుకోవాలి అని చెప్పింది. నీళ్ళు పోసుకుంటే ముందు చెంబుడు దానికి, బొట్టు పెట్టుకుంటే ముందు దాని మొదట్లో, కొత్త చీరైతే అంచు చింపి పేలిక కట్టాక. పిన్ని నవ్వకుండా, మొహం చిన్నబుచ్చుకోకుండా, "అలాగేనండీ అత్తయ్యగారూ" అంది. మర్నాటి నుంచి ఆమె దాన్ని నిజంగానే అక్కా అని పిలవడం మొదలుపెట్టింది. వీధిలో పిల్లలకి నేను లోకువైపోయాను. "మీ జిల్లేడు పిన్ని ఎండిందా?" అని అడిగేవాళ్ళు.

ఎండలేదు. అదీ వచ్చిన చిక్కు. రోజూ పొద్దున్నే నాయనమ్మ పొయ్యి రాజేస్తూ కిటికీలోంచి చూసి, "ఇంకా ఉంది" అనేది. వారం చూసింది, పక్షం చూసింది. మాఘం పోయి ఫాల్గుణం వచ్చింది. గుడ్డలు పిండిన నీళ్ళన్నీ అటే పారబోసేవాళ్ళం, ఆ పాలూ కరక్కాయా తాగి అది నా ఎత్తు దాటింది. ఆకులు అరచేతుల్లా మందంగా, బూడిద రాసినట్టు తెల్లగా ఉండేవి. తుంచితే పాలు. మొక్క బతికి ఉందంటే చావు ఇంకా ఎవరి లెక్కలోనూ పడలేదని అర్థం. పోనీ నరికేద్దామంటే నాయనమ్మ ఒప్పుకోదు. మనం చంపితే మనకే చుట్టుకుంటుంది, దానంతట అదే పోవాలి అనేది. ఇల్లంతా ఒక మొక్క చావు కోసం కనిపెట్టుకుని కూచున్నామంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు నాకు నవ్వు రాలేదు. పిన్ని నాకు తలదువ్వేది. నా కంచంలోనే తనూ తినేది. రాత్రి నేను కాళ్ళు మీద వేస్తే తీసేది కాదు. ఒక అమ్మ పోయింది, ఈ అమ్మ పోకూడదు. ఆ వయసులో నాకింకో కోరిక లేదు. పెరట్లోకి వెళ్ళినప్పుడల్లా ఆ మొక్కని చచ్చిపొమ్మని మనసులో బతిమాలుకునేదాన్ని.

ఎండాకాలంలో మిడతలు వచ్చాయి. మొదట పిల్లలు వచ్చాయి. పాలిపోయిన పసుపు ఒంటి మీద నల్లటి గీతలు, ఎర్రటి చుక్కలు. కలంతో ఒక్కొక్కటీ కూచుని దిద్దినట్టుండేవి. వానలు పడేసరికి అవే ఎదిగి బొటనవేలంత అయ్యాయి. ఒంటి నిండా నీలం పసుపు పట్టెలు. జిల్లేడు మిడతలవి, మరో మొక్క ముట్టవు. మా నాన్న పాకలోంచి వచ్చి వాటి ముందు గొంతుకు కూచుని చాలాసేపు చూసేవాడు. "ఈ నీలం మనకి రాదు పాపా" అన్నాడు ఒకసారి. మామూలు మిడత మనిషి నీడ పడితే ఎగిరిపోతుంది గదా. ఇవి కదిలేవి కావు. మొహం దగ్గరికి మొహం పెట్టినా అలాగే, వాళ్ళింట్లో వాళ్ళున్నట్టు, నిదానంగా నములుతూ ఉండేవి. పొద్దున్న ఎండకోసం అన్నీ ఒకే వైపుకి తిరిగి కూచునేవి. మధ్యాహ్నం అచ్చుల చప్పుడు ఆగి వీధంతా మాటుమణిగాక, వంటింట్లో కూచుంటే ఆ నమలడం వినబడేది. సన్నగా, ఎడతెగకుండా. అన్నం కలుపుతున్న నాన్న చెయ్యి ఒక క్షణం ఆగేది.

మా నల్లకోడిపెట్ట ఒకరోజు ఒకదాన్ని పొడిచి మింగింది. మింగిన కాసేపటికి తల విదిలించడం మొదలుపెట్టింది. ముక్కు నేలకేసి రాసింది. తర్వాత మెడ చాచి కక్కుకుంది. కక్కుకుని, కళ్ళు సగం మూసుకుని, నీడలో ఒంటికాలి మీద నిలబడిపోయింది. చావలేదుగానీ, ఆ మర్నాటి నుంచి కోళ్ళన్నీ ఆ మొక్కని చుట్టు తిరిగి వెళ్ళడం మొదలుపెట్టాయి, తిని చూడకుండానే మిగతావాటికెలా తెలిసిందో. కాకులూ వాలేవి కావు. నాకు ఆగలేదు, ఒక పిల్లమిడతని రెండు వేళ్ళతో పట్టుకున్నాను. దాని వీపులోంచి సన్నటి ధార చిమ్మి నా పెదవి మీద పడింది. సూది గుచ్చినంత సన్నంగా, సూటిగా కొట్టింది. ఆ చేదు ఇప్పటికీ చెప్పలేను. మజ్జిగ తాగించారు, బెల్లం పెట్టారు, సాయంత్రం దాకా ఏది తిన్నా అదే చేదు. పిన్ని నా మూతి కడుగుతూ, "నువ్వు పట్టుకున్నావు గనక అది చిమ్మింది. పట్టుకోకపోతే దాని దారిన అది పోతుంది" అంది. అని తన చెయ్యి కొమ్మకి ఆనించింది. ఒక మిడత ఆ చెయ్యెక్కి, మోచేతి దాకా నడిచి, తిరిగి కొమ్మ మీదికి వెళ్ళిపోయింది.

నాయనమ్మకి మాత్రం మిడతలు దేవుడు పంపినట్టే అనిపించాయి. చంపేది మనం కాదు, అవే తింటున్నాయి, తిననివ్వండి అంది. వాటిని కదిలించొద్దని అందరికీ ఆన పెట్టింది. అప్పటికే పిన్ని నీళ్ళోసుకుని ఉంది. శ్రావణం వచ్చేసరికి మొక్క మీద ఒక్క ఆకు లేదు. బోడి కాడలు, వాటికి ఎండిపోయిన పేలికలు. నాయనమ్మ మొదటిసారి తుమ్మకుండా, సంతోషంగా, పాయసం వండింది. పాయసం తిన్న మర్నాడే మిడతలు ఇంట్లోకి నడిచి వచ్చాయి.

ఎగిరి రాలేదు, నడిచి వచ్చాయి. వెనక గుమ్మం మీదుగా, గోడ వెంట, ఆత్రం లేకుండా. ఆరేసిన గుడ్డల మీద కూచుంటే అచ్చులేవో మిడతలేవో తెలిసేది కాదు. పట్టుకోబోతే పువ్వులోంచి కాళ్ళు లేచేవి. బియ్యం డబ్బా మూత మీద ఒకటి, దేవుడి పటం వెనక ఒకటి. పుట్టబోయే బిడ్డకోసం పిన్ని కుట్టి మడిచిపెట్టిన బొంత విప్పితే లోపల ఒకటి. చీపురుతో తోస్తే చిమ్మేవి, గోడ మీద పచ్చటి మరకలు పడేవి. నాయనమ్మ ముక్కుపొడుం డబ్బీ తీసింది. తుమ్మింది. "అది చావలేదే. వీటి కడుపులోకి చేరింది. ఇప్పుడు కాళ్ళొచ్చి ఇంట్లోకి నడుస్తోంది" అంది. నా ఈ వయసులో, ఇన్ని పుస్తకాలు చదివాక, ఆ మాట కొట్టిపారెయ్యగలనా అంటే, వెలుగున్నప్పుడు కొట్టిపారేస్తాను. ఆ రోజు మధ్యాహ్నమే పిన్ని పెరటి గోడ పట్టుకుని వాంతి చేసుకుంది. అయిదో నెల, వేవిళ్ళు తగ్గవలసిన సమయం. చేసుకుని, మూతి తుడుచుకుని, కళ్ళు సగం మూసుకుని నీడలో నిలబడిపోయింది. నేను నల్లకోడిని చూసినదాన్ని. పరుగెత్తి వెళ్ళి ఆమె నడుము కావలించుకున్నాను. గుండె చప్పుడు నా చెవికి వినబడింది. ఆగి ఆగి కొట్టుకుంటున్నట్టు నాకనిపించింది. ఆ రోజు నుంచి ఆమె నిద్రపోతుంటే వెళ్ళి చెవి ఆనించి వింటూ ఉండేదాన్ని.

పిన్నికి తిన్నది ఇమడడం లేదు. మనిషి నీరసించి మంచం పట్టింది. భాద్రపదంలో వానలు కుదిరాక, బోడి కాడల మొదట్లో మళ్ళీ చిగుళ్ళు వచ్చాయి, లేతగా, తెల్లగా. అది చూసి నాయనమ్మకి తన ఆనలు తనకే గుర్తులేకుండా పోయాయి. ఇహ ఊరుకుంటే కోడలు దక్కదు, పాపమైతే నేను మోస్తాను, నరికెయ్యి అని కొడుకుతో చెప్పింది. మిట్టమధ్యాహ్నం మా నాన్న కత్తీ గునపం పట్టుకుని పెరట్లోకి వెళ్ళాడు. నేను వెళ్ళి పిన్నికి చెప్పాను. ఆమె మంచం దిగి, గోడ పట్టుకుంటూ వచ్చి, మొక్కకీ మా నాన్నకీ మధ్య నిలబడింది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకోవడం నేను చూసింది అదే మొదలు.

"ఏవండీ, నా బదులు చావమని ఆవిడని మీరెవరన్నా అడిగారా?" అంది పిన్ని. "నేనైతే అడగలేదు. గట్టు మీద తన మానాన తనున్న దాన్ని తవ్వి తెచ్చి మెళ్ళో తాడు కట్టారు. నాకు రాసిపెట్టి ఉంటే నా చావేదో నేనే చస్తాను. ఇంకొకళ్ళ నెత్తిన పెట్టకండి."

మా నాన్న కత్తి దించాడు. వంటింటి గుమ్మంలోంచి నాయనమ్మ, ఆ కడుపులోదానికి కూడా నీ దగ్గరే ఉందా జవాబు అని అడిగింది. నాయనమ్మ వచ్చి ఆమె రెక్క పట్టుకుని పక్కకి లాగింది. మా నాన్న కళ్ళు మూసుకుని వేటు వేశాడు. కళ్ళు మూసుకున్నాడుగానీ ముందే తెరిచాడేమో, రెండో వేటుకి పాలు ఎగిరి మొహం మీద పడ్డాయి. అలాగే తుడుచుకుంటూ మొదలు నరికి, గునపంతో వేరు పెళ్ళగించి, కాలవగట్టు మీదికి ఈడ్చుకెళ్ళి పారేసి వచ్చాడు. మిడతలు గోడ దాటి ఎటో వెళ్ళిపోయాయి. కొన్ని మాత్రం మొక్క ఉన్న చోట, ఉత్త మట్టి మీద, సాయంత్రం దాకా తలలన్నీ ఒకే వైపుకి పెట్టి కూచున్నాయి.

మర్నాడు పాకలో అచ్చు చప్పుడు ఆగి ఆగి వినిపించింది. నొప్పి లేదమ్మా, మంచు పట్టినట్టుంది అన్నాడు మా నాన్న. నిజంగానే ఆయనకి ఏ బాధా లేదు, దీపం చుట్టూ రంగులు కనిపించేవి, మనిషి మసకగా కనిపించేవాడు. బందరు తీసుకెళ్తే డాక్టరు గారు చుక్కల మందు ఇచ్చి, జిల్లేడు పాలు పడ్డాయి గదా, కొన్నాళ్ళకి తేటబడుతుందని చెప్పారు. ఆయన పని మానలేదు. తీగ మీద తీగ అతకాలి, ఒక అచ్చు అంచు ఇంకో అచ్చు అంచుకి కుదరాలి. కుదరలేదు. ఆ వారం అద్దిన దుప్పటి మీద తీగ వంకర తిరిగి, పువ్వుల్లోంచి పక్కకి జారి, ఎక్కడికో నడిచి వెళ్ళిపోతున్నట్టుండేది. అది అమ్మకానికి పనికిరాదని పిన్ని తీసి దాచుకుంది. ఇంట్లో ఉంటే ఏమవుతుందోనని నాయనమ్మ ఆమెని ముందే పురిటికి పుట్టింటికి పంపేసింది. బస్సు ఎక్కేటప్పుడు పిన్ని ఒళ్ళో ఆ వంకర దుప్పటితో కట్టిన మూట ఒకటుంది. నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. మూట అడుగున తడిగా ఉంది, మట్టి వాసన వేసింది. ఆమె తిరిగి వస్తుందో రాదోనని ఏడుస్తున్నదానికి ఆ మూటలో ఏముందో నాకెందుకు?

వచ్చింది. మాఘంలో నాగలక్ష్మిని ఎత్తుకుని, గుండ్రంగా, నిండుగా వచ్చింది. అప్పటికి మా నాన్న కళ్ళు కూడా తేటబడ్డాయి. నరికించాను గనక దక్కింది అని నాయనమ్మ పోయేదాకా చెప్పుకుంది. పిన్ని ఎన్నడూ కాదనలేదు. ఏటా మోపిదేవి వెళ్ళి పుట్టలో పాలు పోసి వస్తానని మొక్కుకున్నానని చెప్పి వెళ్ళేది. మా ఊళ్ళో ఆడవాళ్ళందరూ వెళ్తారు, ఎవరడుగుతారు? తిరిగి రాగానే మమ్మల్ని దగ్గరికి రానివ్వకుండా, బావి దగ్గర సున్నిపిండితో చేతులు రుద్ది రుద్ది కడుక్కునేది. వేళ్ళు జిగురు జిగురుగా ఉండేవి. పుట్టలో పోసిన పాలే అనుకునేదాన్ని నేను.

పదకొండో రోజు అయ్యాక నాగలక్ష్మి వాళ్ళమ్మ ట్రంకుపెట్టె తెరిచింది. అడుగున జానెడు గుడ్డముక్క ఉంది, చూస్తే తీగ వంకర తిరిగిన పాత అద్దకం. "ఇది దుప్పటక్కా. నా చిన్నప్పుడు మంచానికి సరిపోయేది. ఏడాదికేడాది చిన్నదైపోయేది. మసిగుడ్డలకి చింపుతోందనుకునేదాన్ని" అంది. ఇహ దాచడం దేనికని, కారులో వెళ్తూ మొత్తం చెప్పాను. నాగలక్ష్మి కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. ఆ కడుపులో ఉన్నది తనే గదా, అందుకని అడ్డు రాకుండా వింది. గుడివాడ పొలాలు దాటి, బందరు దాటి, చల్లపల్లి దగ్గర టీ కోసం ఆగినప్పుడు పాఠం మొదలుపెట్టింది. ఆ మిడత జిల్లేడు తిని అందులో విషాన్ని అరిగించుకోదు, విడదీసి ఒంట్లో దాచుకుంటుందట. అది గుండె మీద పనిచేసే విషమట. పక్షి ఒకసారి తిని కక్కిందంటే ఆ రంగుల్ని జన్మలో మరవదట, అందుకే అంత రంగు, అందుకే ఆ నిదానం. తల్లి ఆ విషంలో కొంత గుడ్లలో కూడా పెడుతుందట, పుట్టే పిల్ల ఆయుధంతోనే పుడుతుంది. ఇంట్లోకి ఎందుకొచ్చాయని అడిగాను. మేత అయిపోయింది, వేరే మేత వెతుక్కుంటూ వచ్చాయి, అంతే అంది. మరి పిన్ని వాంతులు? "కొందరికి నెలలు నిండేదాకా ఉంటాయక్కా." అన్నిటికీ సమాధానం ఉంది. నేను తలూపాను. నాయనమ్మ చెప్పిందీ అదే గదా అని నాకనిపించింది. అది వాటి కడుపులో ఉంది, కాళ్ళొచ్చి నడుస్తోంది. తుమ్ము ఒక్కటే తేడా.

ఈ రోజుల్లో ఎవరూ మొక్కలకి తాళి కట్టడం లేదు, మంచిదే. పెడనలో మా పాక ఉన్నచోట సిమెంటు గచ్చు, పైన అద్దె వాటాలు. గేదెపాల వాసన లేదు. పిన్ని చివరి రోజుల్లో ఆసుపత్రిలో తెర మీద ఆమె గుండె పచ్చటి గీతలా నడుస్తుంటే, నర్సు వద్దంటున్నా నేను చెవి ఆనించి విన్నాను. అప్పటిలాగే ఆగి ఆగి కొట్టుకుంటోంది. అప్పుడు చావుని తీసుకెళ్ళి ఎక్కడన్నా పెట్టి రావచ్చనుకునేవాళ్ళం, మోసేవాళ్ళెవరో ఒకరు దొరుకుతారనుకునేవాళ్ళం. పెరట్లో నిలబడి ఆమె ఒక్కతే అలా కుదరదంది. నాకు ఆమె మీద కోపంగా కూడా ఉంది. నన్ను అంత ఏడిపించి, ఆ అక్కని ఒళ్ళో పెట్టుకునే బస్సెక్కిందన్నమాట.

మోపిదేవి దాటాక కరకట్ట ఎక్కాం. మధ్యాహ్నం, మనిషి లేడు. రేవు దగ్గర కారు ఆపి వాలు దిగితే కనబడింది. గుర్తుపట్టడానికేముంది, అంత జిల్లేడుని నేనెక్కడా చూడలేదు. ఒక్క మొదలు నుంచి చుట్టూ పిలకలు లేచి చిన్న పాకంత అయింది. కొమ్మల నిండా పేలికలు, వెలిసి తెల్లబోయినవి, చివికినవి, కాస్త రంగు మిగిలినవి. మిగిలినవాటి మీద తీగ వంకరగా ఉంది. నాగలక్ష్మి నా చెయ్యి పట్టుకుంది. మేం నిలబడ్డ చోటికి ఆ చప్పుడు వినిపిస్తోంది, సన్నగా, ఎడతెగకుండా. దగ్గరికి వెళ్తే ఆకాకుకీ నీలం పసుపు పట్టెలు. కాలానికి ముందే ఎదిగాయని నాగలక్ష్మి గొణిగింది. ఒక్కటీ కదల్లేదు. ట్రంకులో దొరికిన ఆ జానెడు ముక్క అందిన కొమ్మకి కట్టాను. వేళ్ళకి పాలు అంటుకున్నాయి. ఏమని పిలవాలో ఒక్క క్షణం తోచలేదు. మా నాన్న కట్టుకున్నదే గదా, వరసకి నాకేమవుతుంది?

"పిన్నీ, నాంచారమ్మ పిన్ని పోయింది" అన్నాను.

నమలడం ఆగింది. అన్నీ ఒక్కసారే ఆగాయి. కృష్ణ మీంచి వస్తున్న గాలి చప్పుడు మాత్రం వినబడింది. తర్వాత ఎక్కడో ఒకటి, దాని తర్వాత ఇంకొకటి, మళ్ళీ మొదలుపెట్టాయి. మనిషి గొంతు అదురుకి ఆగుతాయక్కా అంది నాగలక్ష్మి, తన గొంతే అదురుతోంది. నాకు ఏడుపొచ్చింది. కర్మ జరిగిన పదకొండు రోజుల్లో రాని ఏడుపు అక్కడ వచ్చింది, జిగురు చేతులతో కళ్ళు తుడుచుకోకూడదని చేతులు దూరంగా పెట్టుకుని ఏడ్చాను. తిరిగి వచ్చేటప్పుడు మా నాన్న చెయ్యలేకపోయినది నేను చేశాను. వెనక్కి చూడకుండా కట్ట ఎక్కి, వెనక్కి చూడకుండా కారులో కూచున్నాను.

పులిగడ్డ మలుపు వచ్చింది. అక్కడ నాగలక్ష్మి నా వైపు తిరిగి, నా ఎడమ భుజం వంక చూసి, చెయ్యెత్తింది. పమిట మీద ఏదో నిదానంగా పైకి నడుస్తున్న బరువు నాకు అప్పటికే తెలుస్తోంది.

"తీసెయ్యనా అక్కా?"

"వద్దు, పట్టుకోకు. దానంతట అదే దిగుతుంది" అన్నాను.

గుడివాడ వచ్చేదాకా అది దిగలేదు.